కరువు నేర్పిన కరకర: బొరుగులు, పుట్నాలు, కడక్ రొట్టెల తవారీఖ్

చిప్స్ బదులు ఏం తినాలి? పెద్ద శహర్లలో ఇవాళ ఈ సవాల్ మీద పెద్ద కారోబారే నడుస్తోంది. నూనె ఉండకూడదు, క్యాలరీలు తక్కువుండాలి, నమిలితే కరకరలాడాలి, చట్నీలో ముంచితే మెత్తబడి జారిపోకూడదు. ఈ షర్తులన్నిటికీ జవాబని చెప్పి అంగట్లో పెడుతున్న సామాన్ చూడండి. పేలిన జొన్నలు, వేయించిన శనగలు, ఎండబెట్టిన సజ్జ రొట్టె ముక్కలు, పసుపూ కారం చల్లిన బొరుగులు. పొట్లం మీద ‘డైట్’ అని ఒక మాట, కింద ఒక ధర. ఆ ధరకు మా అనంతపురం సంతలో అదే సామాన్ సంచెడు వస్తుంది.

మా వైపు పుట్టినవాళ్ళకు ఆ పొట్లం చూస్తే మొదట నవ్వొస్తుంది. ఆ తర్వాత కాస్త మంట కూడా పుడుతుంది. శహర్‌లో శౌక్‌గా తినేది మా దగ్గర ఒకప్పుడు మజ్బూరీ. నూనె లేక, కట్టెలు లేక, బియ్యం లేక మనుషులు కనిపెట్టుకున్న దారి అది. శౌక్ వేరు, మజ్బూరీ వేరు. రెండింటి రుచీ ఒకటే కావచ్చు, తవారీఖ్ మాత్రం ఒకటి కాదు. ఆ తవారీఖ్‌నే ఇక్కడ కొంచెం చెప్పుకుందాం.

నూనె లేని వంట

అనంతపురం వాన నీడలో ఉన్న పీఠభూమి. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద ఖాళీ అయ్యాకే ఇటు వస్తాయి. బంగాళాఖాతం వానలు కూడా ఇంత లోపలికి వచ్చేసరికి అలిసిపోతాయి. ఏడాదికి పడేది సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన అతి తక్కువగా పడే జిల్లా ఇదేనని తరచూ చెప్పుకుంటారు. పడే వాన కూడా పడాల్సిన రోజు పడదు.

ఇలాంటి నేల మీద వరి చెరువుల కింద మాత్రమే దొరికే అమీరు పంట. మిగతా పొలమంతా జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక, ఉలవ, కంది. చెట్టూచేమా పలచన కాబట్టి కట్టెపుల్లకు లెక్క ఉంటుంది. నూనె పండక్కి, చుట్టాలొచ్చిన రోజుకి. ఇక్కడ పుష్కలంగా దొరికేది ఒక్కటే, ఇసుక. పెన్న, చిత్రావతి, హగరి, ఏ ఏటికి పోయినా నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది.

ఇసుకలో గింజ వేయించడం హిందుస్తాన్ అంతటా ఉన్న పాత హునర్. దాన్ని అనంతపురం కనిపెట్టిందని నేననను. లేకిన్ ఇక్కడి బతుకుకు అది సరిగ్గా కుదిరింది. బాణలిలో ఇసుక పోసి బాగా కాలనిచ్చి, అందులో గింజ వేసి కలియబెడితే వేడి ఒక్కసారిగా గింజ నాలుగు వైపులా తగులుతుంది. లోపలి తేమ ఆవిరవుతుంది. పొట్టు గట్టిగా ఉంటే ఆ ఆవిరికి బయటికి పోయే దారి దొరకదు. చివరికి పొట్టును చీల్చుకుని గింజ లోపలి పిండిని పువ్వులా విప్పేస్తుంది. అదే పేలడం, అవే పేలాలు. జల్లెడ పడితే ఇసుక కిందికి పోతుంది, పేలాలు పైన మిగులుతాయి. ఇసుక మళ్ళీ పనికొస్తుంది. చుక్క నూనె ఖర్చు కాదు.

బొరుగులకు పని ఇంకా ఎక్కువ. వడ్లు నానబెట్టాలి, ఉడికించాలి, ఎండబెట్టాలి, దంచి బియ్యం చేయాలి. ఆ బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టించి ఆరబెట్టి, అప్పుడు కాలిన ఇసుకలో వేయాలి. క్షణాల్లో ఉబ్బుతాయి. ఒక్క క్షణం ఆలస్యమైతే మాడిపోతాయి. ఇంతా చేస్తే సేరు బియ్యం చాటెడు బొరుగులవుతుంది. తక్కువ గింజతో ఎక్కువమంది చేతులు నింపే బరకత్ అది. అందుకే జాతరలో, ఉర్సులో, పెళ్ళిలో, పదిమందికి పంచాల్సిన ప్రతి చోటా బొరుగులే ముందుంటాయి.

మూడోది రొట్టె. జొన్న పిండిని వేడినీళ్ళతో తడిపి, చేత్తో తట్టి, పెనం మీద కాలుస్తారు. మెత్తగా తినేది ఆ పూట రొట్టె. ఇంకా పలచగా తట్టి, పొయ్యి పక్కన వేడికి పూర్తిగా ఆరనిస్తే అది కడక్ రొట్టె. బళ్ళారి, రాయచూరు వైపు ఇది ఇప్పటికీ మామూలు తిండి. అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది కాబట్టి ఈ రొట్టెకు సరిహద్దు తెలియదు. రోజుల తరబడి చెడదు. గొర్రెల వెంట పోయేవాడికి, కూలికి వలస పోయేవాడికి, సఫర్‌లో ఉన్న ఎవరికైనా మూటలో ఇదే నమ్మకం. అంగట్లో ‘మిల్లెట్ చిప్స్’ అని అమ్మేదానికి ఇదే పెద్దక్క.

లఫ్జుల గవాహీ

తిండి ఎక్కడినుంచి ఎలా వచ్చిందో చెప్పే కాగితాలు గరీబులకు ఉండవు. మాటలు ఉంటాయి. మాటలే గవాహీ ఇస్తాయి.

బొరుగులు, పేలాలు, ఈ రెండూ అచ్చమైన దక్షిణాది లఫ్జులు. తమిళుల పొరి, మన బొరుగు చుట్టాలు. పేలు అంటే పగిలి విచ్చుకోవడం, దాన్నుంచే పేలాలు. కోస్తాకు పోతే బొరుగులే మరమరాలు అవుతాయి. మా దక్కనీ జబాన్‌లో ముర్మురే. ఉడుపు మార్చుకున్నా మనిషి ఒకడే.

పుట్నాలు మాత్రం బయటినుంచి వచ్చిన మెహమాన్. మరాఠీలో వేయించిన శనగల్ని ఫుటాణే అంటారు. ఫుట్ అంటే పగలడం. అంటే మన ‘పేలాలు’ మాటకు ఉన్న అర్థమే దానికీ ఉంది. ఈ మాట ఇక్కడ ఎలా పాతుకుందో అర్థం కావాలంటే గుత్తి కోట వైపు ఒకసారి చూడాలి. మరాఠా సర్దార్ మురారిరావు ఘోర్పడే గుత్తిలో ఉండి ఈ నేలను ఏలాడు. 1776లో హైదర్ అలీ ఆ కోట పట్టుకున్నాడు. ఆ తర్వాత టిప్పు, టిప్పు తర్వాత నిజాం. 1800లో నిజాం ఈ ఇలాఖా మొత్తాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. అందుకే దత్తమండలాలని పేరు పడింది. రాయలసీమ అనే పేరు 1928లో చిలుకూరి నారాయణరావు పెట్టినదాకా ఆ పేరే నడిచింది.

ఇన్ని హుకూమత్‌లు మారితే ఇన్ని ఫౌజ్‌లు ఈ దారిన నడిచాయని అర్థం. నడిచే సిపాయికి పొయ్యి వెలిగించే తీరిక ఉండదు. జేబులో గుప్పెడు వేయించిన శనగలు, బెల్లం ముక్క ఉంటే రోజు గడుస్తుంది. రాజుల పేర్లు కోట గోడల మీద మిగిలాయి. వాళ్ళ సిపాయిలు తిన్నది మన వంటింటి డబ్బాలో మిగిలింది. పుట్నాలు అన్న లఫ్జును ఇవాళ ఎవరూ పరాయిదని అనుకోరు. అనుకోకూడదు కూడా.

చట్నీ కూడా అలాంటిదే. చాట్‌నా అంటే నాకడం, దాన్నుంచి చట్నీ. కడక్ అంటే కరకరలాడేంత గట్టిది, అదీ మా జబాన్‌దే. బట్టీ అనే మాటకు మూలం భట్టీ. కానీ దంచేది, తట్టేది, కాల్చేది తెలుగులోనే. ఒక్క పళ్ళెంలో ఇన్ని జబాన్‌లు కూర్చుని పేచీ లేకుండా తింటున్నాయి. వేయించిన శనగలకు పరదేశంలో కూడా ఖాందాన్ ఉంది. తుర్కీలో వాటిని లెబ్లెబీ అంటారు, కరకరలాడేలా వేయించి చాయ్ పక్కన పెట్టుకుంటారు. ఎండ, వానకొరత, శనగ మొక్క ఉన్న చోటల్లా మనిషి ఆలోచన ఒకేలా సాగింది.

మజహబ్ గీతలు కూడా ఈ గింజలు దాటేశాయి. తొలి ఏకాదశికి హిందువుల ఇళ్ళలో పేలాల పిండి, బెల్లం కలిపి తింటారు. దర్గాల దగ్గర ఉర్సు రోజు తబర్రుక్‌గా చేతిలో పడేది బొరుగులు, పుట్నాలు, చక్కెర. పెనుకొండ బాబయ్య దర్గా ఉర్సుకైనా, నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండగకైనా హిందువులూ ముస్లిములూ కలిసే పోతారు. ఆ అంగళ్ళలో బొరుగుల గుట్ట ముందు నిలబడినవాడు ఎవడు ఏ మతం అని అడగడు. ఎంత పోస్తావని మాత్రమే అడుగుతాడు.

ముంచుకోవడానికి

కరకరలాడేది ఒంటరిగా గొంతు దిగదు. తోడు కావాలి. అనంతపురం దస్తర్‌ఖాన్ మీద ఆ తోడు ఊరిబిండి. బుడ్డలు, అంటే వేరుశనక్కాయల గింజలు వేయించి, మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి రోట్లో బరకగా నూరుతారు. జొన్నరొట్టె విరిచి దాంట్లో ముంచితే ఇక వేరే కూర అడగరు. ఇంకో తోడు కాల్చిన వంకాయ పచ్చడి. నిప్పుల మీద వంకాయ కాల్చి, తోలు తీసి, పచ్చిమిర్చి, ఎర్రగడ్డ కలిపి మెదిపేది. మా ఇళ్ళలో దాన్నే బైంగన్ కా భర్తా అంటాం. గోంగూర పచ్చడి, టమోటా పచ్చడి, ఎర్రగడ్డ వేసిన పెరుగు, ఇవన్నీ వరసలో నిలబడతాయి.

పప్పుల పొడి ఇంకొకటి. పుట్నాలు, ఎండుకొబ్బరి, ఎల్లిపాయ, కారం కలిపి దంచిన పొడి. దీన్ని ఉగ్గాణిలో చూడాలి. బొరుగుల్ని నీళ్ళలో తడిపి, పిండి, ఎర్రగడ్డ పోపులో వేసి పసుపు, పప్పుల పొడి కలిపి నిమ్మకాయ పిండితే ఉగ్గాణి. దావణగెరెలో ఇదే మండక్కి ఒగ్గరణె. కన్నడంలో ఒగ్గరణె అంటే పోపు, మా నోట్లో అది ఉగ్గాణి అయింది. పక్కన మిర్చి బజ్జీ పెడితే అనంతపురం, కర్నూలు జిల్లాల నాష్తా పూర్తవుతుంది. బజ్జీ నూనెది కదా అని అడగొద్దు. ఆ మాట హిసాబ్ దగ్గర చూద్దాం.

పౌండు ధాన్యం

ఇప్పుడు ‘తక్కువ క్యాలరీ’ అన్న మాట దగ్గరికి వద్దాం. ఈ నేల మీద ఆ మాటకు ఇంకో తవారీఖ్ ఉంది.

1876లో వానలు మోసం చేశాయి. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, దక్కన్ అంతా ఖహత్‌లో పడింది. దత్తమండలాలు ఎక్కువగా దెబ్బతిన్న చోట్లలో ఉన్నాయి. దక్షిణ హిందుస్తాన్‌లో పోయిన ప్రాణాలు 50 లక్షలకు పైనే అని లెక్కలు చెబుతాయి. అప్పుడే సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొరను హిందుస్తాన్ సర్కార్ కరువు ఖర్చు తగ్గించమని పంపింది. 1877 మొదట్లో ఆయన ఒక హుకుం తెచ్చాడు. సహాయ పనుల్లో రాళ్ళు కొట్టే మగ మజ్దూర్‌కు రోజుకి ఒక పౌండు ధాన్యం చాలన్నాడు. పౌండంటే 450 గ్రాములు. దానిపైన కొద్దిపాటి చిల్లర. దీనికే టెంపుల్ కూలీ అని పేరు పడింది.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఇంత తక్కువ తిండితో బరువు పని చేయిస్తే మనిషి మెల్లగా చస్తాడని వాదించాడు. కొన్ని నెలల తర్వాత మద్రాసు సర్కార్ ఆ కూలీ పెంచక తప్పలేదు. ఈలోపు ఎందరు పోయారో ఆ ఊళ్ళ మట్టికే తెలుసు.

తర్వాతి తవారీఖ్ రాసినవాళ్ళు ఆ పౌండు ధాన్యాన్ని క్యాలరీల్లోకి మార్చి చూశారు. రోజుకి 1,600 పైచిలుకు వచ్చింది. ఇవాళ ఫోన్లలో బరువు తగ్గే ప్లాన్లు చూడండి, ఇంచుమించు అదే నంబరు. కుర్చీలో కూర్చున్నవాడు తన ఇష్టంతో, ఫీజు కట్టి మరీ తీసుకునే లెక్క అది. ఎండలో రాళ్ళు కొట్టేవాడికి అదే లెక్క హుకుంగా వచ్చింది.

రోజా ఉన్నవాళ్ళకు ఈ ఫర్క్ బాగా తెలుసు. రోజాకు నియ్యత్ ఉంటుంది, మగ్రిబ్ వేళకి ఖర్జూరం ఉంటుంది. ఫాఖాకు ఆ రెండూ ఉండవు. ఆకలి రెండింట్లో ఉన్నా రోజా, ఫాఖా ఒకటి కావు. డైట్ కూడా అంతే. మానుకునే తాఖత్ ఉన్నవాడికే డైట్. లేనివాడిది ఫాఖా.

తెల్లదొరలు పోయినంత మాత్రాన ఆ కథ ముగియలేదు. 1952లో రాయలసీమ మళ్ళీ ఎండింది. ఊళ్ళలో గంజి కేంద్రాలు తెరిచారు. బావులు లోతు చేయడానికి ఫౌజ్‌ను పిలిపించారు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను ఈ నేల ఆకలి మీదే కావ్యం చేశాడు. గంజి వరసలో నిలబడినవాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఇవాళ బెంగుళూరు ఆఫీసుల్లో ‘లో క్యాలరీ స్నాక్’ కొంటున్నారు. కొననివ్వండి, మంచిదే. ఆ మాట తాత వింటే ఏమనేవాడో ఒకసారి తలుచుకుంటే చాలు.

జొన్న పోయి బుడ్డ వచ్చింది

మరి ఆ జొన్న పేలాలు, సజ్జ రొట్టెలు మా ఇళ్ళలోంచే ఎలా మాయమయ్యాయి? ఇది ఒక్కరి మీద మోపే ఇల్జామ్ కాదు. రెండు వైపులనుంచి వచ్చిన మార్పు.

ఒకవైపు పొలం. వేరుశనగ వానకొరతను కొంత ఓర్చుకుంటుంది, చేతికి నగదు తెస్తుంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అది జొన్న, కొర్ర చేలను మింగుతూ వచ్చింది. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక జోరు ఇంకా పెరిగింది. ఒక దశలో ఒక్క అనంతపురం జిల్లాలోనే ఏడు లక్షల హెక్టార్లకు పైగా బుడ్డలే. ఒకే పంట మీద ఒక జిల్లా నసీబ్ మొత్తం పందెం కట్టినట్టయింది. వాన పోతే గింజా పోయె, మేతా పోయె, అప్పు మిగిలె.

ఇంకోవైపు పళ్ళెం. 1983లో ఎన్టీ రామారావు సర్కార్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ బియ్యం ఎందరో గరీబుల కడుపు నింపింది, దానికి షుక్రియా చెప్పాల్సిందే. అదే సమయంలో బియ్యం ఇజ్జత్‌కు నిషాన్ అయింది. జొన్న సంగటి, కొర్రన్నం గరీబీ గుర్తులయ్యాయి. పంట తగ్గింది, తిండి తగ్గింది, తట్టే చేతులూ తగ్గాయి. పేలాలు పండక్కి మాత్రమే మిగిలాయి. కరకర అంటే బొరుగులే అనే జమానా వచ్చింది, ఎందుకంటే వాటి మూలం బియ్యమే.

తర్వాత చిప్స్ వచ్చాయి. 1990ల మొదట్లో అంకుల్ చిప్స్, 1995లో లేస్, 1999లో కుర్కురే. ఆ చివరి పేరు గమనించండి. కుర్కురా అంటే కరకరలాడేది. మన జబాన్‌లోని లఫ్జే ఒక పరదేశీ కంపెనీ పొట్లం మీదికెక్కి పల్లె బంకు ముందు వేలాడింది. దాని పక్కన సంచిలో ఉన్న బొరుగులకు పేరూ లేదు, ప్రకటనా లేదు.

ఇందులో అనంతపురానికి ఇంకో దెబ్బ కూడా ఉంది, అది అంతగా కనిపించదు. 1994లో పామోలిన్ నూనె దిగుమతికి కేంద్రం తలుపులు తెరిచింది. ఇండోనేషియా, మలేషియాల నుంచి చవక నూనె ఓడలకొద్దీ దిగింది. చిప్స్ కార్ఖానాలకూ, బజారు బజ్జీల బాణలికీ అదే చవక. ఆ చవకతో పోటీ పడాల్సి వచ్చింది మా బుడ్డల నూనె. జొన్న వదిలి బుడ్డ పట్టుకున్న కిసాన్‌కు బుడ్డ కూడా పూర్తిగా దక్కలేదు. వాడి పిల్లల చేతిలో ఉన్న పొట్లం వాడి పంటను ఓడించిన నూనెలోనే వేగింది.

భట్టీ ముందు మనిషి

బొరుగు తేలిక. దాన్ని చేసే పని తేలిక కాదు. వరిపొట్టు మంట మీద ఇసుక ఎర్రగా కాగుతుంటే దాని ముందు గంటల తరబడి నిలబడాలి. చేయి ఆగకూడదు. పొగ, పొట్టు ధూళి ఛాతీలోకి పోతుంది. వడ్లు ఆరబెట్టేది, చెరిగేది, జల్లెడ పట్టేది, సంచులు కుట్టేది ఎక్కువగా ఆడవాళ్ళు. వాన పడితే ఆరబోసిన బియ్యం పోతుంది, ఆ రోజు మజ్దూరీ కూడా పోతుంది.

దావణగెరెలో మండక్కి భట్టీలకు ఒక పేటే ఉంది. అక్కడ ఈ పనిలో ముస్లిం ఖాందాన్లే ఎక్కువ. పొలం లేనివాడికి, చదువు అందనివాడికి చేతి హునరే జాగీరు. ఇప్పుడు గ్యాస్ మీద నడిచే మిషన్లు వస్తున్నాయి. పొగ తగ్గడం మంచిదే, మనిషి ఊపిరి కంటే పాత పద్ధతి గొప్పది కాదు. మిషన్ ఎవరి చేతికి వస్తుందన్నది అస్లీ సవాల్. నిన్నటిదాకా మంట ముందు నిలబడినవాళ్ళకు మిషన్ కొనే కర్జా దొరికితే అది తరక్కీ. వాళ్ళను బయటికి తోసి ఇంకొకరు పొట్లం కడితే అది తరక్కీ కాదు.

హిసాబ్

ఇక తినేవాళ్ళకు పనికొచ్చే లెక్క. పొట్లం మీది మాటలు పక్కన పెట్టి బరువు చూడండి.

ఆలుగడ్డ చిప్స్ 100 గ్రాములకు 530 క్యాలరీల పైనే. అందులో మూడో వంతు బరువు నూనెదే. 50 గ్రాముల పొట్లం ఖాళీ చేస్తే 270 దాకా లోపలికి పోయినట్టు. బొరుగులు 100 గ్రాములకు దగ్గర దగ్గర 325 నుంచి 400. మరి తేడా తక్కువేగా అంటారా? తేడా బరువులో లేదు, గాలిలో ఉంది. ఒక కప్పు బొరుగులు 15 గ్రాములు కూడా తూగవు, 60 క్యాలరీలు దాటవు. నోరు ఆడుతుంది, చేయి నిండుతుంది, కడుపుకి భారం పడదు. కరువులో గింజను సాగదీసిన ఉపాయమే ఇవాళ నడుం తగ్గించే ఉపాయం అయింది.

లేకిన్ బొరుగుల్లో పీచు తక్కువ, పిండి తొందరగా చక్కెరగా మారుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు వాటిని ఒంటరిగా తినకూడదు. గుప్పెడు పుట్నాలు కలుపుకోవాలి. 30 గ్రాముల పుట్నాలకు 110 క్యాలరీల చుట్టూ, ఆరు గ్రాముల దాకా ప్రొటీన్. కడుపు నిలకడగా ఉంటుంది. జొన్న పేలాలు ఇంకా మేలు, ఎందుకంటే పొట్టుతో సహా గింజ మొత్తం ఉంటుంది, పీచు పోదు.

ముంచుకోవడానికైతే బొరుగులు పనికిరావు, తడి తగిలితే సొమ్మసిల్లుతాయి. దానికి కడక్ రొట్టే దవా. పలచటి జొన్న రొట్టెనో సజ్జ రొట్టెనో పెనం మీద నూనె లేకుండా కాల్చి, సన్నమంట మీద పూర్తిగా ఆరనిచ్చి విరిస్తే పచ్చడి ఎత్తేంత గట్టి ముక్కలు వస్తాయి. డబ్బాలో మూతపెట్టి ఉంచితే రోజులు ఆగుతాయి. దేనిలో ముంచుతున్నారన్నది కూడా చూసుకోవాలి. కాల్చిన వంకాయ, టమోటా, గోంగూర, పెరుగు తేలిక. ఊరిబిండి రుచిలో రాణీ, కానీ బుడ్డలు 100 గ్రాములకు 560 క్యాలరీల పైమాటే. రెండు చెంచాలతో ఆగగలిగితే ఫాయిదా, గిన్నె నాకితే చిప్స్ తిన్నట్టే. ఉగ్గాణి పక్కన బజ్జీ కూడా అంతే. ఒకటైతే దావత్, నాలుగైతే నుక్సాన్.

ఇంకొక్క మాట. అంగట్లో మసాలా బొరుగుల పొట్లం కొంటే వెనక్కి తిప్పి చూడండి. పామోలిన్, చక్కెర, ఉప్పు ఎక్కువుంటే అది బొరుగు వేసం కట్టిన చిప్స్. గాలిలో ఉన్న ఫాయిదా నూనెలో మునిగిపోతుంది.

ఎవరి హక్కు

హిందుస్తాన్ అడిగితే ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పెద్ద హోటళ్ళలో కొర్రలు, సజ్జలు తెల్లటి పళ్ళేలలో కనిపించాయి. గరీబీ నిషాన్ అని మేము దాచుకున్న గింజకు ఇజ్జత్ వచ్చింది. ఖుషీయే. అయితే ఆ ఇజ్జత్ గింజ దగ్గరే ఆగిపోకూడదు. గింజ వేసిన చేతిదాకా, వేయించిన చేతిదాకా రావాలి.

అలా రావచ్చని చూపించే మిసాల్ మా దగ్గరే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఎండిన కొండల మీద మళ్ళీ చెట్లు మొలిపించింది. దాని తోడుతో 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం వచ్చింది. రైతులే సభ్యులు. మందులు లేకుండా పండించిన కొర్రలు, బుడ్డలు కొని, శుభ్రం చేసి, తినే సరుకుగా మార్చి అమ్ముతారు. పొట్లం మీది లాభంలో పొలానికి వాటా ఉంటుంది. భట్టీల మజ్దూర్లకు కూడా ఇలాంటి సంఘం ఎందుకు ఉండకూడదు? వాళ్ళ దగ్గర హునర్ ఉంది, లేనిది పేరూ, పెట్టుబడీ.

మనం చేయగలిగింది చిన్నదే. జొన్న పేలాలు కావాలని మన ఊరి అంగడిని అడగాలి. అడిగేవాడు ఉంటే వేయించేవాడు దొరుకుతాడు. బొరుగులు సంచిలోంచి కొలిచి ఇచ్చే అంగట్లో కొంటే రూపాయిలో ఎక్కువ భాగం భట్టీ దగ్గరికి పోతుంది. ఇంట్లో అమ్మకో నానమ్మకో కడక్ రొట్టె తట్టడం తెలిస్తే ఈ వారమే పక్కన కూర్చుని నేర్చుకోండి. ఆ హునర్ ఏ పుస్తకంలోనూ సరిగ్గా లేదు. పిండి ఎంత వేడి నీళ్ళు తాగుతుందో, అంచు ఎప్పుడు పగులుతుందో చేతికే తెలుస్తుంది. ఆ చేయి పోతే పొట్లం ఒక్కటే మిగులుతుంది. దాని ధర వేరేవాళ్ళు రాస్తారు.